రేడియం ఎరల మాస్టారు

మా అక్క భర్త, అంటే మా బావ, పదిహేడేళ్ళుగా గాలాల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తున్నాడు. సముద్రంలోకి కట్టిన జెట్టీకి వెళ్ళే రోడ్డు మీద, సైకిల్ రిపేరు షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరికించినట్టు ఉంటుంది ఆ షాపు. లోపల కుడివైపు గాలపు కర్రలు, ఎడమవైపు అద్దాల బీరువాలో దారం చుట్టే రీళ్ళు, దారపు ఉండలు. వెనక గోడ నిండా మేకులు, ప్రతి మేకుకీ ప్లాస్టిక్ ఎరలు. చిన్న చేప ఆకారంలో కొన్ని, రొయ్య ఆకారంలో కొన్ని. వాటిలో సగం రాత్రి వేటకి వాడేవి. పగలు చూస్తే వెలిసిపోయిన సబ్బుముక్కల్లా ఉంటాయి. కాసేపు టార్చి వెలుతురు పట్టిస్తే చాలు, చీకట్లో మెరుస్తాయి. కంపెనీవాళ్ళు వాటికి ఏవేవో పేర్లు పెట్టుకున్నారు గానీ ఇక్కడ అందరూ రేడియం ఎరలనే అంటారు.

ఆ గోడ ముందు నిలబడితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. ఆకుపచ్చ, నీలం, గులాబీ, నారింజ. ఒళ్ళంతా మెరిసేవి, చారలు మాత్రం మెరిసేవి, ఉత్త కళ్ళు మాత్రమే మెరిసేవి. ఏది తీసుకోవాలో తోచక తల గోక్కుంటున్న మనిషి పక్కకి మా బావ మెల్లగా వచ్చి నిలబడేవాడు. ముందు నీళ్ళ గురించి అడిగేవాడు. వాన పడి బురదగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా, లోతెంత, ఆ రాత్రి వెన్నెల ఉందా. బురద నీళ్ళయితే ఒళ్ళంతా మెరిసే ఆకుపచ్చది చేతిలో పెట్టేవాడు. తేట నీళ్ళయితే పొట్ట మీద చారలు మాత్రం మెరిసేది. లోతైతే నీలం. గులాబీది అడిగితే మాత్రం నవ్వేవాడు. "ముందు పెళ్ళికూతురిలా వెలిగిపోతుందండీ. పావుగంటకి నీరుగారిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే ఆడుకోవడానికి తీసుకెళ్ళండి" అనేవాడు.

ఆయన ఇచ్చిన ఎరతో వెళ్ళినవాళ్ళు ఖాళీ సంచితో తిరిగి రావడం తక్కువ. అలా ఆయనకి రేడియం మాస్టారు అని పేరు పడింది. పొరుగూళ్ళ నుంచి కూడా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఇందులో ఈ ఊళ్ళో మా అక్కకి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుండేది. మా బావకి రేచీకటి. పుట్టుకతో వచ్చింది, మందు లేదు. పొద్దు వాలితే ఆయనకి లోకం నల్లటి గోడ. వీధిదీపం కింద మనిషి ఆకారం పోల్చుకుంటాడు, దీపం దాటితే అదీ లేదు. రేడియం ఎర వెలుతురు పట్టించిన మొదటి నిమిషం మసగ్గా కనిపిస్తుంది. మనకి గంటసేపు కనిపించే ఆ వెలుగు, ఆయనకి నిమిషం దాటితే లేనట్టే.

పన్నెండేళ్ళప్పుడు, ఎవరిదో పెళ్ళిలో, సందెవేళ గిన్నెలు తోమే తొట్టిలో పడ్డాడట. ఒళ్ళంతా ఎంగిలి నీళ్ళు. పెళ్ళివాళ్ళంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మేనమామ ఒకాయన ఆ రోజు 'కోడి' అని పేరు పెట్టాడు, సందె పడితే కోళ్ళకి కనపడదు కాబట్టి. ఆ పేరు బడిదాకా వెళ్ళింది. అప్పటినుంచి ఆయన బతుకంతా పగటి వెలుతురులోనే సర్దుకుంటూ వచ్చాడు. పెళ్ళైన మూడోనాడు మా అక్కకి చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. అక్క ఆ ఒట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే, తోడబుట్టినవాణ్ణి నాకు కూడా చెప్పలేదు. రోజూ సాయంత్రం షాపు మూసే వేళకి కూరగాయల వంకతో అక్కడికి వెళ్ళేది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటికి నడిచొచ్చేవాళ్ళు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఎంత ముద్దుగా నడుస్తారో చూడమని మా అమ్మ మురిసిపోయేది.

నేను నైట్ బస్సు డ్రైవర్ని. చీకటి నాకు అన్నం పెట్టే తల్లి. మా ఇంట్లో ఏ వేడుకైనా సందె పడకముందే బావ లేచి వెళ్ళిపోతుంటే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి పదిమందిలో అనేశాను కూడా. "కోళ్ళు గూట్లోకి వెళ్ళే వేళైందిరా, మా బావ లేచాడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదని అక్క తర్వాతెప్పుడో చెప్పింది.

అయితే ఎరల సంగతి ఆయనకెలా తెలిసింది? అదంతా మా అక్క కళ్ళతో వచ్చిన విద్య.

వాళ్ళింట్లో బాత్రూముకి కిటికీ లేదు. కొత్త ఎరలు వచ్చినప్పుడల్లా బావ ఒక్కో రకం ఇంటికి తెచ్చేవాడు. అక్క వంటపని ముగించుకుని బాత్రూములో బకెట్ బోర్లించి కూర్చునేది. టార్చితో ఎరకి నిమిషం వెలుతురు పట్టించి, తలుపు మూసుకునేది. తలుపు కింద వెలుగు రాకుండా తువ్వాలు కుక్కేది. బయట దీపం కింద బావ గడియారం, నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాడు.

"కనిపిస్తోందా?"

"ఆఁ."

"ఇప్పుడు?"

"కనిపిస్తోందండీ. చారలు తెలుస్తున్నాయి, తోక తెలియట్లేదు."

ఒక్కో ఎరకి గంట, గంటన్నర. నడుం నొప్పిగా ఉందని తలుపు అవతల నుంచి ఆమె అంటే, ఇంకొక్క పావుగంట అని ఆయన బతిమాలేవాడు. ఊరికే వెలుగుందో లేదో చెప్పి ఊరుకునే మనిషి కాదు మా అక్క. ఒళ్ళంతా మెరిసేది బొమ్మలా ఉందనీ, చారల ఎరని కదిలిస్తే బతికున్న చేప పక్కకి తిరిగినట్టుందనీ చెప్పింది ఆమే. బకెట్టులో బురద నీళ్ళు కలిపి అందులో ముంచి చూసింది ఆమే. ఆయన రాసుకున్నాడు, షాపులో చెప్పాడు.

మొదట్లో ఎవరైనా మీరు చూశారా అని అడిగితే, "చూశామండీ" అనేవాడు. కొన్నాళ్ళకి అది "చూశానండీ" అయింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే జెట్టీ మీద రాత్రంతా కూర్చుని చూశానని చెప్పడం మొదలైంది. ఒక అబద్ధం పక్కన ఇంకొకటి చేరింది. మొన్న అమావాస్యకి నీలం ఎర తెల్లారుజామున ఎలా ఉందో, చలికి చేతులు ఎలా కొంకర్లు పోయాయో, అన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పేవాడు.

ఆ షాపుకి వారం వారం వచ్చేవాళ్ళలో ఒక జంట ఉండేది. ఒకాయన రిటైరైన లిఫ్టు మెకానిక్, భారీ మనిషి, గొంతు కూడా భారీయే. రెండోవాడు దర్జీ. సన్నగా, నెమ్మదిగా, మాట్లాడితే ఎదుటివాడికి నొప్పి కలుగుతుందేమో అన్నట్టు ఉండేవాడు. చిన్ననాటి స్నేహితులు. ఒకరోజు అక్క భోజనం డబ్బా తీసుకుని షాపుకి వెళ్ళేసరికి, బావ వాళ్ళిద్దరికీ తన జెట్టీ రాత్రుల గురించి చెబుతున్నాడు. అక్కని చూసి ఆయన మాట సగంలో ఆగింది. దర్జీ ఆమెకి నమస్కారం పెట్టి, "ఆయన అన్నేసి రాత్రులు నీళ్ళ మీద ఉంటే మీకు భయం వెయ్యదామ్మా?" అని అడిగాడు.

అక్క డబ్బా కౌంటరు మీద పెట్టింది. "అలవాటైపోయిందండీ" అంది.

 ఆ రాత్రి ఇంట్లో బావ ఆమె ముఖంలోకి చూడలేక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేదనిపించిందట. ఆమె అనలేదు. మర్నాడు కొత్త ఎరలు రెండు తెస్తే, మళ్ళీ బకెట్ బోర్లించి కూర్చుంది.

అలా ఇంకెన్నాళ్ళు సాగేదో తెలియదు గానీ, షాపు ఓనరుకి ఒక ఆలోచన వచ్చింది. షాపు తలుపుకి పెద్ద కాగితం అంటించాడు. రేడియం మాస్టారుతో జెట్టీ మీద ఒక రాత్రి, ఎవరైనా రావచ్చు అని. పొద్దున తాళం తియ్యడానికి వెళ్ళిన బావ ఆ కాగితం చూసి, తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మొదటిసారి జ్వరం అన్నాడు. రెండోసారి నడుం పట్టేసిందన్నాడు. మూడోసారి మెకానిక్ స్వయంగా ఇంటికొచ్చి, మీరు లేకుండా వెళ్ళేది లేదని కూర్చున్నాడు. ఆయన వెళ్ళాక అక్క నిజం చెప్పేసెయ్యమంది. పదిహేడేళ్ళ తర్వాత ఏ ముఖం పెట్టుకుని చెప్పనని బావ అన్నాడు.

ఆ వారమంతా మధ్యాహ్నాలు అక్కని తీసుకుని జెట్టీకి వెళ్ళాడు. గేటు నుంచి చివరిదాకా రెండు వందల పన్నెండు అడుగులు లెక్కపెట్టుకున్నాడు. పడవల తాళ్ళు కట్టే ఇనుప దిమ్మలు ఎక్కడెక్కడున్నాయో కాలితో తడిమి గుర్తుపెట్టుకున్నాడు. ఎరలకి దారం ముడులు వేశాడు. ఆకుపచ్చదానికి ఒక ముడి, నీలానికి రెండు. చేతికి తగిలితే తెలిసిపోయేలా. ఇంత కష్టం నిజం చెప్పడానికి పడక్కర్లేదు కదా అని అక్కకి అనిపించిందట గానీ, పైకి అనలేదు.

ఆ రాత్రి వెన్నెల లేదు. ఎనిమిది మంది వచ్చారు. బావ పొద్దుండగానే వెళ్ళి, జెట్టీ చివర మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎడమపక్క మెకానిక్, కుడిపక్క దర్జీ. దర్జీ తన సామాను పెట్టెని, అందరికీ దూరంగా, వెనకున్న పిట్టగోడకి ఆనించి పెట్టుకున్నాడు. కొత్తగా వచ్చినవాడెవడో టార్చి నీళ్ళ మీదికి వేస్తే, నీళ్ళ మీద వెలుతురు పడితే చేప దగ్గరికి రాదని మాస్టారు చెప్పలేదా అని మిగతావాళ్ళు కసిరారు. నిజమే, చెప్పింది ఆయనే. ఉన్న దీపాలన్నీ ఆరిపోయాయి.

రెండు గంటలు బాగానే గడిచాయి. ఎవరికి ఏ ఎర కావాలన్నా కుర్చీలోంచి లేవకుండా ముడి తడిమి అందించాడు. సంచిలో చెయ్యి పెట్టి టార్చితో వెలుతురు పట్టించి ఇచ్చాడు. వాళ్ళు ఆహా అన్నారు. 

అప్పుడు మెకానిక్ కర్ర వంగింది. పెద్ద చేప. ఆ భారీ మనిషి లేచి నిలబడి, వెనక్కి వాలి రీలు తిప్పుతున్నాడని చప్పుడుని బట్టి బావకి తెలిసింది. చేప జెట్టీ అంచుకి వచ్చింది. "మాస్టారూ, వల అందుకోండి" అన్నాడు మెకానిక్.

వల బావ కుర్చీ పక్కనే ఉంది. అది ఆయనకి తెలుసు. వల తీసుకుని లేచాడు. మెకానిక్ కూర్చున్న చోటు తెలుసు గానీ, చేపతో పెనుగులాడుతూ అతను ఎటు జరిగాడో తెలియదు. గాభరాలో ఒక పక్క తిరగబోయి ఇంకో పక్క తిరిగాడు. వెనక్కి నాలుగడుగులు వేసి పిట్టగోడ దగ్గర పెట్టెని తన్నాడు. గొళ్ళెం ఊడి పెట్టె బోర్లా పడింది. తూలి, ఏదో ఒకటి పట్టుకుందామని ముందుకి ఉరికి, మెకానిక్ వీపు మీద పడ్డాడు. ఇద్దరూ సిమెంటు గచ్చు మీద పడ్డారు. కింద మెకానిక్, పైన బావ. కర్ర, చేప రెండూ నీళ్ళపాలయ్యాయి. మెకానిక్ కుడి మణికట్టు విరిగింది.

టార్చీలన్నీ ఒక్కసారి వెలిగాయి. వెలుతురంతా తన ముఖం మీదే ఉందని బావకి తెలిసింది. కాళ్ళ దగ్గర గాలాలు, సీసపు గుండ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.  ఎవరూ అడగకముందే ఆయన నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఈ పెట్టె ఇక్కడెవరు పెట్టారు?"

దర్జీ ముందుకొచ్చాడు.  "నాదే మాస్టారూ. నాదే. పక్కకి పెట్టాననుకున్నాను."

తర్వాత ఆసుపత్రి, కట్టు, ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. బావ ఇంటికొచ్చి కాలు జారి పడ్డానని మాత్రం అక్కతో చెప్పాడు.

దర్జీ రోజూ పొద్దున తన షాపు తెరవకముందే మెకానిక్ ఇంటికి వెళ్ళేవాడు. గడ్డం గీసేవాడు, చొక్కా బొత్తాలు పెట్టేవాడు. తన గాలపు కర్ర ఎవరికో ఇచ్చేశాడు. ఇక ఆ జోలికి పోనన్నాడు. మిగతావాళ్ళకి అదో వేళాకోళమైపోయింది. జెట్టీ మీద ఎవరి సామానైనా అడ్డంగా ఉంటే, "ఆ దర్జీ పెట్టె పక్కకి తియ్యవయ్యా" అనడం మొదలెట్టారు. షాపులోనూ ఆ మాట వినబడేది. కౌంటరు మీద సంచి పెట్టినవాణ్ణి వెనకవాడు అలాగే అదిలించేవాడు. నవ్వులు. బావ దారం కొలుస్తూ కొలుస్తూ లెక్క తప్పేవాడు. తల పైకెత్తేవాడు కాదు.

మూడో వారంలో అక్క డబ్బా తెచ్చినప్పుడు ఆ మాట ఆమె చెవిన పడింది. దర్జీ పెట్టె ఏమిటని సాయంత్రం దారిలో అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఇంటికెళ్ళాక మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాడు, అంతా చెప్పాడు. 

"మీ కళ్ళ గురించి నేనెప్పుడూ సిగ్గుపడలేదండీ" అంది. "ఇవాళ మాత్రం మీ పక్కన కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది."

ఆ వారం కొత్త రకం ఎరలు వచ్చాయి. బావ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అక్క వాటిని ముట్టుకోలేదు. ఇక బాత్రూములో కూర్చోనంది. కోపంగా అనలేదు, రేపు పాలు వద్దని చెప్పినంత మామూలుగా అంది.

ఆమె నిద్రపోయాక ఆయన తానే బాత్రూములోకి వెళ్ళాడు. బకెట్ బోర్లించుకుని, ఎరకి వెలుతురు పట్టించి, తలుపు మూసుకుని, తువ్వాలు కుక్కి కూర్చున్నాడు. అరచేతిలో మసక చుక్క ఒకటి కాసేపు కనిపించి పోయింది. అది వెలుగుతూనే ఉందని ఆయనకి తెలుసు. అలా ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. నడుం పీకింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆమె పదిహేడేళ్ళు ఇలాగే కూర్చుందన్న సంగతి, తెలిసిన సంగతే అయినా, ఆ రాత్రి ఒంటికి తెలిసిందని నాతో అన్నాడు. ఆ చీకట్లో దర్జీ ముఖం తప్ప ఇంకేమీ గుర్తురాలేదన్నాడు.

తెల్లవారి నేను డ్యూటీ దిగి డిపో గేటు దాటుతుంటే బావ బయట నిలబడి ఉన్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "ఒక్కచోటికి నాతో రా బావమరిదీ. ఒక్కణ్ణీ వెళ్ళలేకపోతున్నాను" అన్నాడు.

దారిలో, సిటీ బస్సు వెనక సీట్లో కూర్చుని, మొదటిసారి నాకు అన్నీ చెప్పాడు. తొట్టి, కోడి, ఎరలు, పెట్టె. కోడి అన్న పేరు వినగానే నేను పదిమందిలో అన్న మాట గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. ఏదో అనబోయాను. "నువ్వు తెలియక అన్నావులే. నేను తెలిసి అన్నాను" అన్నాడు.

దర్జీ షాపు మెట్ల కింద ఉన్న చిన్న గది. కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, గోడకి కత్తిరించిన కాగితపు నమూనాలు. ముగ్గురం నిలబడితే తలుపు మూసుకోదు. బావని చూడగానే దర్జీ లేవబోయాడు. బావ లేవొద్దని చెప్పి, నిలబడే మొదలుపెట్టాడు. తనకి చీకట్లో కనపడదనీ, పెట్టె గోడ దగ్గరే ఉందనీ, తానే వెళ్ళి తన్నాననీ, ఆ మాట కావాలనే అన్నాననీ చెప్పాడు. ఒక్కసారి కూడా గొంతు సవరించుకోలేదు. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి ఇస్త్రీ బల్ల అంచుని పట్టుకునే ఉంది.

దర్జీ మిషను కింద ఉన్న కుట్టు చివరిదాకా కుట్టాడు. దారం తెంపాడు.

"ఆ రాత్రి పెట్టె ఎక్కడ పెట్టానో నాకు బాగా గుర్తుంది మాస్టారూ" అన్నాడు. "గోడకి ఆనించి, మూత గొళ్ళెం కూడా వేశాను. మీరడిగేసరికి నా గుర్తే తప్పనుకున్నాను. చూసి చెప్పే మనిషి కదా మీరు."

కుట్టిన గుడ్డని చేతిలోకి తీసుకున్నాడు.

"అప్పటినుంచి నా మీద నాకు నమ్మకం పోయింది. షాపు తాళం వేసి సగం దూరం వెళ్ళి మళ్ళీ వెనక్కొస్తున్నాను. కొలతలు రెండేసి సార్లు తీసుకుంటున్నాను. మతిమరుపు జబ్బేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను."

బావ క్షమించమని అడిగాడు. దర్జీ చేతిలో ఉన్న గుడ్డ మడత పెడుతూ ఉండిపోయాడు. కాసేపటికి, "నాకు చెప్పారు సరే. నన్ను చూసి నవ్వినవాళ్ళకి చెప్పండి" అన్నాడు. మేం బయటికొస్తుంటే మిషను మళ్ళీ మొదలైంది.

శనివారం పొద్దున షాపులో కాలు పెట్టే సందు ఉండదు. ఆ రోజే చెప్పాడు. మెకానిక్‌ని ముందే పిలిపించాడు. అతను కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు. ఓనరు గల్లా దగ్గర ఉన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. బావ వెనక గోడకి ఆనుకుని, మేకుల కింద నిలబడి, పాఠం ఒప్పజెప్పినట్టు మొత్తం చెప్పాడు. రేచీకటి గురించి చెప్పినప్పుడు ఒకరిద్దరు అయ్యో అన్నారు. పెట్టె గురించి చెప్పినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం కన్నా నాలుగు తిట్లు నయమనిపించింది నాకు. చివరికి, ఇన్నేళ్ళూ మీకిచ్చిన సలహాలు నావి కావు, మా ఆవిడవి, రాత్రులు జెట్టీ మీద నేనెప్పుడూ కూర్చోలేదు అన్నాడు.

మెకానిక్ చాలాసేపు తన కట్టు వైపే చూసుకున్నాడు. "ఆ చేప ఎంతుందో ఎవరూ చూళ్ళేదంటున్నారు. నువ్వొక్కడివైనా చూశావేమోనన్న ఆశ ఉండేది. అదీ పోయింది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మెకానిక్ నవ్వలేదు. "నా చెయ్యి అతుక్కుంటుంది. వాడు మూడు వారాలుగా నా గడ్డం గీస్తూ ఏడుస్తున్నాడయ్యా. అద్దంలో చూస్తున్నాను నేను" అన్నాడు. అంతవరకూ తట్టుకున్న బావ అక్కడ కూలబడ్డాడు.

ఓనరు తలుపు మీది కాగితం చింపేశాడు. రెండు రోజులు బావతో మాట్లాడలేదు. మూడో రోజు, రేపటినుంచి మీ ఆవిణ్ణి కూడా పంపించమన్నాడు. అక్క వెంటనే ఒప్పుకోలేదు. బాత్రూములో చూసి చెప్పింది నిజమే గానీ, సముద్రంలో ఎలా ఉంటుందో తనూ చూడలేదు కదా, ముందు చూస్తానంది. మెకానిక్ తన కూతుర్ని తోడిచ్చి జెట్టీకి పంపాడు. నాలుగు రాత్రులు వెళ్ళింది. నీలం గురించి తాను చెప్పిందాంట్లో సగం తప్పని తేల్చుకుని వచ్చింది. లోతులో నీలం బాగుంటుంది గానీ అలలు ఎక్కువుంటే ఆకుపచ్చే మేలని ఇప్పుడు చెబుతోంది. శనివారాలు కౌంటరు దగ్గర నిలబడుతుంది. మనుషులు ఆమెనే అడుగుతారు. పక్కన నిలబడి బావ ఆమె చెప్పిన ఎరని మేకు మీంచి తీసి ఇస్తాడు.

కొందరు ఆ షాపుకి రావడం మానేశారు. కొందరు ఆయన్ని చీకటి మాస్టారు అంటున్నారు. ఆ పేరుతో పిలిచినా పలుకుతాడు. దర్జీ పెట్టె అన్న మాట మాత్రం ఎవరి నోట వచ్చినా ఊరుకోడు. నడుస్తున్న పని ఆపి, "అది అతని తప్పు కాదండీ, నాది" అని చెబుతాడు. కొత్తవాళ్ళకి అర్థం కాక తెల్లముఖం వేస్తారు. అయినా చెబుతాడు. ముఖం ఎర్రబడుతుంది, అయినా చెబుతాడు.

మెకానిక్ చెయ్యి అతుక్కుంది. దర్జీని బలవంతం చేసి మళ్ళీ జెట్టీకి తీసుకెళ్తున్నాడు. దర్జీ మాత్రం సామాను కొనడానికి ఊరి అవతలి చివర ఉన్న షాపుకి వెళ్తాడు. దారిలో ఎదురుపడితే మునుపటిలాగే ఆగి, "బాగున్నారా మాస్టారూ" అని పలకరించి వెళ్ళిపోతాడు. ఆ మర్యాదే తనని చంపుతుందని బావ అంటాడు. ఒకసారి ఆగి మాట్లాడొచ్చు కదా అన్నాను. "ఏం మాట్లాడను? అడగాల్సింది ఒకసారి అడిగాను. మళ్ళీ మళ్ళీ అడిగితే, నా బరువు దింపుకోవడానికి అతన్ని కూలికి పెట్టుకున్నట్టు ఉంటుంది" అన్నాడు.

పోయిన నెల మా అమ్మాయి బడిలో ఏదో నాటకం వేసింది. సాయంత్రం ఆరున్నరకి. బావ వస్తానన్నాడు, పొద్దుండగానే బయల్దేరి వచ్చాడు. అక్క ఆ పూట షాపులో పనుండి రాలేదు. నేను గేటు లోపల నిలబడి ఉన్నాను, ఆయన నన్ను చూడలేదు. గేటు దాటితే మెట్లు, దీపం లేదు. ఆయన కాపలా మనిషి ముందు ఆగాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. వెనక నుంచి జనం తోసుకుంటున్నారు.

"నాకు రేచీకటండీ" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది. "మెట్లు కనపడవు. కాస్త చెయ్యి పట్టుకుంటారా?"

కాపలా మనిషి ఏదో కాగితం చూస్తూనే మోచెయ్యి ముందుకి చాచాడు.